మూకుడు చుట్టూ బొటనవేళ్లు

నేను ఒక ఉత్తరాన్ని. రెండు ఉత్తరాలనంటే ఇంకా నిజం. ఒకవైపు దొర రాయించిన హుకుం, దాని కింద ఎర్రటి లక్క ముద్ర. రెండోవైపు రేగులకుంట ఊరు ఇచ్చిన జవాబు. వేరే కాగితం దొరక్క నా వీపు మీదే రాశారు. ఆ వీపే నా అసలు ముఖమని లోకానికి తెలిసేసరికి ఒక జీవితకాలం పట్టింది.

నిజాం పాలన చివరి రోజులవి. దొర కూతురి పెళ్లి కుదిరింది. కుమ్మరులు కుండలు పంపాలి, గొల్లలు గొర్రెలు తోలాలి, మిగిలినవాళ్లు తమ రెక్కలతో దొర గడీకి వచ్చి చాకిరీ చేయాలి, కూలి మాట ఎత్తకూడదు. నా మొదటి ముఖం మీద ఉన్నది ఇంతే. ఊరు దీన్ని వెట్టి అనేది. దొర ఆచారం అనేవాడు. తమకు లాభమున్న ప్రతిదానికీ మనుషులు ఆ పేరే పెడతారు.

నన్ను తెచ్చిన సుంకరి, అంటే దొర పనులకు తిరిగే ఊరి నౌకరు, కుమ్మరి ఈదమ్మ వాకిట్లో పడేసి పోయాడు. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చిన మంగలి సాయన్న గట్టిగా చదివి వినిపించాడు.

"చేతులు నొయ్యంగ జేసిన కుండలు ఊకెనే ఎందుకియ్యాలె?" అంది ఈదమ్మ.

అందరి మనసులో ఉన్నదీ అదే. సాయన్న నన్ను తిరగేసి రాశాడు: 'నేటినుండి వెట్టి చేయము. కూలి ఇచ్చిన వచ్చెదము.' రాయడం తేలిగ్గానే అయిపోయింది. వేలిముద్రల దగ్గరకొచ్చేసరికి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరి వేలు మొదట పడితే వాళ్ల వీపు మీదే మొదటి కొరడా దెబ్బ.

అప్పుడు ఈదమ్మ లోపలికి వెళ్లి ఒక మూకుడు తెచ్చి నా మీద బోర్లించింది. "దీని సుట్టు ఎయ్యుండ్రి. ఎవలు ముందో ఎవలు ఎనకనో దొర ఎట్ల సెప్తడో సూద్దాం" అంది. దీపం మసిలో ఆముదం కలిపి, ఒక్కొక్కరే వచ్చి మూకుడు అంచు వెంట బొటనవేలు నొక్కారు. మూకుడు తీసేసరికి ఊరంతా చేతులు పట్టుకుని నా మీద నిలబడినట్టుంది.

నేను దొరకు అందిన రోజు అతని అవస్థ చూసి తీరాలి. "మొదలు ఏలేసినోడెవడ్రా?" అని అరుస్తూ నన్ను బల్లమీద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎటు తిప్పినా నేను ఒకేలా ఉన్నాను. మనుషుల్ని పిలిపించి అడిగితే ఒక్కొక్కడూ పక్కవాణ్ణి చూపించాడు. అలా చూపించి చూపించి మళ్లీ మొదట అడిగినవాడి దగ్గరకే వచ్చారు. అందర్నీ కొడితే పెళ్లికి నీళ్లు మోసేదెవరు? దొర పళ్లు నూరుకుంటూ కూలి ఇచ్చాడు. ఊరు కడుపునిండా నవ్వుకుంది.

తర్వాత రాజ్యం మారింది, గడీ పాడుబడింది. దొర కొడుకు పట్నంలో ఇల్లు కట్టుకుని నన్ను పటం కట్టించాడు. ముందు ముద్ర వైపు చూశాడు, తర్వాత వేళ్ల వైపు చూశాడు. వేళ్లకు అట్ట అడ్డంపెట్టి మేకులు కొట్టించాడు. అప్పటినుంచి నా అసలు ముఖం చీకట్లో ఉండిపోయింది. వచ్చిన చుట్టాలు లక్క ముద్ర చూసి "ఏమి వైభవం!" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

మొన్నీమధ్య దొర మనవడు రాజేందర్‌రావు ఆ ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను వేలానికి పెట్టాడు. వేలం సంస్థవాళ్లు నా ఫొటో అచ్చువేసి, 'నిజాం కాలపు దొర ఆజ్ఞ. ముద్ర చెక్కుచెదరలేదు. అక్కడక్కడా నూనె మరకలు' అని రాశారు. అక్కడక్కడానట! ఆముదం నాలో ఇంకి ఇవతలికి వచ్చి, చక్కగా గుండ్రంగా నిలిచి ఉంది. అందరికీ మరకల్లా కనిపించినదాన్ని ఒకే ఒక్క మనిషి గుర్తుపట్టింది. ఆమె సుగుణ, ఈదమ్మ మనవరాలు, ఇప్పుడు రేగులకుంట సర్పంచ్. ఎవరో ఫోన్లో పంపిన ఆ ఫొటో చూడగానే నాయనమ్మ చెప్పిన మూకుడు కథ గుర్తొచ్చి, మర్నాడే రాజేందర్‌రావు ఇంటికి బస్సెక్కింది.

"సార్, జర ఆ పటం విప్పించుండ్రి. ఎనక మా ఊరున్నది."

రాజేందర్‌రావు నవ్వాడు. "వెనక అట్ట తప్ప ఏమీ లేదమ్మా. ముద్ర పగిలితే ఎవరు బాధ్యులు?"

"నేనే. రాసిస్త."

మేకులు ఒక్కొక్కటే ఊడాయి. వెలుతురు తగలగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. సుగుణ నిజంగానే ఏడ్చింది. రాజేందర్‌రావు నన్ను రెండువైపులా చదివి, "మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

చిక్కు ఇక్కడే వచ్చింది. దొరల హుకుములు బోలెడు దొరుకుతాయి, ఇలాంటి జవాబు ఎక్కడ దొరుకుతుంది? నా ధర అమాంతం పెరిగిపోయింది. నన్ను తిరగేయించి, పాపం, సుగుణ నన్ను తనకే అందకుండా చేసుకుంది. పాత కాగితాల పిచ్చి ఉన్న ఒక నగల వ్యాపారి, ఎంతైనా సరే అని పట్టుబట్టాడు. నేను అతని ఇంటి గోడకెక్కితే ఊరికి మళ్లీ కనిపించేది కల్ల.

వేలం రోజున హోటల్ హాల్లో వెనక వరుసలన్నీ రేగులకుంటవాళ్లతో నిండిపోయాయి. ఏటా చెరువు చేపల వేలంలో ఆరితేరిన మనుషులు వాళ్లు. ఆ చేపల డబ్బుకు ఇంటింటి చందా కలిపి సుగుణ వెంట వచ్చారు. వ్యాపారి తన నంబరు పలక ఎత్తాడు. వెనకనుంచి చెయ్యి లేచింది. ఒకటి కాదు, అన్ని చేతులూ లేచాయి.

వేలందారు తికమకపడ్డాడు. "ఒక్కరే పాడాలండీ. ముందు ఎత్తింది ఎవరు?"

అదే ప్రశ్న! నన్ను బల్లమీద తిప్పుతూ దొర అరిచిన ప్రశ్నే! వేదిక మీద నేను సంతోషంతో వణికిపోయాను.

వెనక వరుసలో ఒక ముసలాయన పక్కామెను చూపించాడు. ఆమె తన పక్కతన్ని చూపించింది. హాలంతా గొల్లుమంది.

"అందరిదీ ఒక్కటే పాట సార్. నా నంబరు మీద రాసుకోండ్రి" అంది సుగుణ.

వ్యాపారి పెంచాడు. చేతులు లేచాయి. మళ్లీ పెంచాడు. మళ్లీ లేచాయి. చివరకు అతను కుర్చీలో వెనక్కి తిరిగి, "ఎంతదాకా పోతారమ్మా?" అని అడిగాడు.

"మీరు ఆపేదాంక."

అతను ఆ చేతులన్నిటినీ ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, పలక ఒళ్లో పెట్టుకున్నాడు. సుత్తి పడింది. రేగులకుంట వేసిన కేకకు హోటల్‌వాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు నేను మా ఊరి గ్రంథాలయంలో, రెండువైపులా అద్దమున్న పటంలో, దూలానికి వేలాడుతున్నాను. గాలి వీస్తే దొర కాసేపు, ఊరు కాసేపు. సుగుణ మాత్రం అటుగా వచ్చినప్పుడల్లా నన్ను ఊరివైపు తిప్పి పోతుంది. వచ్చినవాళ్లంతా అద్దానికి ముక్కు ఆనించి ఒకటే అడుగుతారు, మొదటి వేలు ఎవరిదని. మూకుడు తెచ్చిన ఈదమ్మదేనని కొందరు, కలం పట్టిన సాయన్నదని కొందరు వాదించుకుంటారు.

నాకు తెలుసు. ఆ వేలి చెమట ఇంకా గుర్తుంది. కొరడా పట్టుకుని దొర అడిగితేనే చెప్పలేదు. మీరు అడిగితే చెబుతానా?