మనుషుల గొంతులు ఉన్నాయా

లేవు అని నొక్కేస్తే అయిపోతుంది, లేవు అనే మాట పక్కన చిన్న గుండ్రటి గడి, అంతే కదా, మా గైడు రాజేంద్ర సార్ కూడా అదే అన్నారు, ఇందాక మదనపల్లెలో వాళ్ళ వరండాలో, కంటి ఆపరేషనయి నల్లద్దాలు పెట్టుకొని కూర్చుని, నేను గ్రాంటు దరఖాస్తు పైకి చదువుతుంటే వింటూ, మీ రికార్డింగులలో మనుషుల గొంతులు ఉన్నాయా, ఉంటే వారి అనుమతి తీసుకున్నారా, అని చదివి నేను ఆగిపోతే, యాల ఆగినావు హరితా, మనది ఏనుగుల పని గదమ్మా, లేవని పెట్టు, అని సంతకం చేసి ఇచ్చారు, ఆ సంతకం ఫోటో తీసి ఎక్కించేశాను, మిగతావన్నీ నింపేశాను, ఈ ఒక్క గడి దగ్గరే వేలు ఆగి ఉంది, బస్సు పుంగనూరు స్టాండులో ఆగి ఉంది, ఒళ్ళో ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది, సాయంత్రం ఐదింటికి గడువు, కుప్పం చేరి యూనివర్సిటీలో కూర్చుని పంపే వేళ కాదిది, సిగ్నల్ ఉన్న చోటే పంపాలి, ఊరు దాటితే ఎక్కడ పోతుందో ఎక్కడ వస్తుందో.

పంపకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు, మా డిపార్ట్‌మెంటు కంప్యూటరు ఆ రికార్డింగులన్నీ నమలడానికి ఇంకో సంవత్సరం తీసుకుంటుంది, ఈ గ్రాంటు వస్తే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద మెషీన్లు అదే పని కొన్నాళ్ళలో చేసి పెడతాయి, అప్పుడు రామకుప్పం పక్క చేలల్లో మేం కంబాలకు కట్టిన మైకు పెట్టెలు ఏనుగు గొంతును దూరం నుంచే పోల్చుకుంటాయి, మనిషి చెవికి అందని ఆ లోతు గుర్రుమనే చప్పుడును, పోల్చుకొని ఊళ్ళో ఫోన్లకు కబురు పంపుతాయి, రాగి చేలో పడుకున్నవాడు లేచి ఇంటికి పోతాడు, కిందటి పంటకు చేలో పడుకున్న ఓబులప్పకు అలాంటి కబురు అందలేదు, తెల్లారి చేనంతా తొక్కి ఉంది, చేను మధ్యలో ఆయన, వచ్చే పంటకి కబురు పోకపోతే ఇంకెవరో, అందుకే లేవని నొక్కేయాలి, నొక్కు హరితా, నొక్కు, కానీ గ్రాంటు ఇచ్చేవాళ్ళ షరతు ఇంకొకటుంది, రికార్డింగులన్నీ అందరికీ అందుబాటులో పెట్టాలి, ఎవరైనా వినొచ్చు, మచ్చుకి ఇప్పుడే ఒకటి జతచేయాలి, నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే స్పష్టమైనది ఒకటే, ఓబులప్ప భార్య గంగులమ్మక్క గొంతు ఉన్నది.

ఆయన పోయాక ఒక సాయంత్రం ఆమె ఒక్కతే చేనుకు వచ్చింది, మా కంబం కిందే నిలబడింది, గట్టుకు అవతల అడవంచున ఏనుగు ఉందని ఆమెకు తెలియదు, తర్వాత నేను ల్యాబులో హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఆ రికార్డింగులో ఏనుగు కోసం వింటున్నాను, ముందు ఆమె గొంతు వినిపించింది, నేనే గదా నిన్ను ఎల్లగొడితిని, పోయి చేన్లో పడుకో, నా మొకం సూడద్దు అంటిని గదా, పోతావా అట్లంటే, పోయేదేనా, అని, ఆ ఏడుపు కిందే తెర మీద ఏనుగు గొంతు లావుపాటి గీతలా, ఊళ్ళో అందరికీ తెలిసింది వేరు, పంట కాపాడుకునేదానికి పోయినాడు నా కొడుకు అని వాళ్ళ అత్త కనబడిన ప్రతివారికీ చెప్పుకుంటుంది, గంగులమ్మక్క పక్కనే తలవంచుకొని నిలబడుతుంది, ఆమె మాటను వడకట్టి తీసేద్దామని చూశాను, ఏనుగు గొంతులో సగం పోయింది, మాట మాత్రం ఇంకా అర్థమవుతూనే ఉంది.

బస్సు కదిలింది, ఊరి చివరి ఇళ్ళు వెనక్కి పోతున్నాయి, ఫోన్లో రెండు గీతలు మిగిలాయి, ఎప్పుడు చేశానో నాకే తెలియదు, అవతల మోగుతోంది, ఎవురూ, హరితమ్మా, యాడుండావు, ఏనుగులేమన్నా వచ్చినాయా, అంది గంగులమ్మక్క, లేదక్కా, పక్కన ఎవరన్నా ఉండారా అన్నాను, ఎవురూ లేరు, ఆవుకు నీళ్ళు పెడతాండాను, చెప్పు అంది, కంబానికి కట్టిన పెట్టె ఉండాది కదక్కా, అది నీ మాట కూడా పట్టుకునింది, నువ్వు ఒక్కదానివే వచ్చి ఆయనతో మాట్లాడినావే, ఆ పొద్దుది, అన్నాను, బకెట్ కింద పెట్టిన చప్పుడు, ఆ పెట్టె ఏనుగుల్నే ఇంటాదని గదా నువ్వు చెప్తివి, అంది, నేనూ అట్లే అనుకున్నానక్కా అన్నాను, ఎవురెవురు ఇనినారు అంది, నేనొక్కదాన్నే, మా అత్త ఇనిందా, లేదు, ఎప్పుడు ఇంటివి, ఎండాకాలంలో, అప్పట్నించీ తెలుసునా నీకు, తెలుసక్కా, ఎన్నితూర్లు వస్తివి మా ఇంటికి, టీ తాగితివి, ఒక్క మాటన్నా అడక్కపోతివే, అంది, కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగా అంది, గ్రాంటు సంగతి చెప్పాను, మెషీన్లు, కబురు, అన్నీ కలగాపులగంగా చెప్పాను, ఆమె చివరిదాకా వింది, ఏనుగులొచ్చేది ముందే తెలిస్తే మంచిదే, ఆ మాట మాత్రం ఇయ్యద్దమ్మా, మా అత్త బతికుండగా ఇయ్యద్దు, అని, పెట్టేస్తుందనుకుంటే పెట్టేయకుండా, ఇనిందానివి నువ్వొక్కదానివే ఉండావు, ఒకతూరి వచ్చిపో, అంది.

ఆ రికార్డింగు తీసేశాను, దాని బదులు ఏనుగు దూరంగా ఎక్కడో ఉన్నట్టు అనిపించే ఒక మసక ముక్క జతచేశాను, ఉన్నాయి అని నొక్కాను, అనుమతి ఇంకా తీసుకోలేదు, ఇంటింటికీ వెళ్ళి అడిగి, ఒప్పుకున్నవాళ్ళవే పంచుతాము, అని రాశాను, పంపుతుంటే తెర మీద గుండ్రం తిరిగి తిరిగి ఆగింది, మళ్ళీ తిరిగింది, అందింది అని వచ్చింది, పలమనేరు దగ్గర సార్ ఫోన్, పంపినావా, పంపినాను సార్, ఉన్నాయని పెట్టినాను, అట్లయితే రాదేమోనమ్మా అది, అన్నారు, రాకపోవచ్చు సార్ అన్నాను, తిట్టలేదు, సరే, కంబాలు మాత్రం పీకద్దు, మన కంప్యూటర్లోనే నిదానంగా నడిపిద్దాం, అని పెట్టేశారు, ఓడిపోయానని ఏడుపు రావాలి, కానీ మనసు గ్రాంటు మీద లేదు, ఇంకెవరో వింటారేమోనని ఇంత భయపడ్డాను కదా, విన్న నేను ఏం చేశాను, ఆమె చేతి టీ తాగి, ఏనుగుల జాడ అడిగి వచ్చేశాను, చెప్పుకునే మనిషి లేక కదా ఆమె ఖాళీ చేనుతో చెప్పుకుంది, వి.కోటలో దిగితే రామకుప్పానికి ఇంకో బస్సు ఉంటుంది, దిగుతాను, ఆ సాయంత్రం ఆమె మాటను ఒక మనిషి వింది, ఆ మనిషి ఇన్నాళ్ళూ పెట్టెలాగే ఊరుకుంది, ఇప్పుడు ఎదురుగా కూర్చొని వినాలి.