గడ్డికి పడ్డ ఖర్చు

ఆఫీసువాళ్లు వచ్చి ఖర్చెంత అని అడిగితే ఎక్కువ చెప్పాలి, రాబడి ఎంత అని అడిగితే తక్కువ చెప్పాలి. అరవై రెండేళ్ల బతుకు చెంచురామయ్యకు నేర్పిన చదువంతా ఇదే. తుఫాను నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకీ, పంటల బీమావాళ్లకీ, ఆఖరికి జనాభా లెక్కలవాళ్లకీ ఆయన ఈ లెక్కనే జవాబులు చెప్పాడు. అందుకని కొడవలూరు పక్కనున్న వాళ్ల ఊరికి బిందు అనే అమ్మాయి వరిగడ్డి ఖర్చు రాసుకోవడానికి వస్తోందని తెలియగానే, ముందు రోజే తోటి రైతులు ముగ్గురినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేశాడు.

బిందు ఒక గ్యాస్ కంపెనీ మనిషి. వరిగడ్డి నుంచి గ్యాస్ తీస్తారట. గడ్డి నిలవ చేసుకోవడానికి ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట డిపో పెడతారట. చెంచురామయ్యకు తూర్పు పక్కన రెండెకరాల చౌడు నేల ఉంది. దాంట్లో జొన్న వేశాడు, చచ్చింది. రొయ్యల గుంట తవ్వాడు, రొయ్యలూ చచ్చాయి. ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోని ఆ నేలను డిపోకు లీజుకిచ్చి, నెల నెలా అద్దె తీసుకుంటూ కాలు మీద కాలు వేసుకోవాలని ఆయన కోరిక. ఆ కోరికతో పది రోజులుగా ఆయనకు సరిగా నిద్ర లేదు.

బిందు చెంచురామయ్య ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ట్యాబ్ తెరిచింది. "గడ్డికి ఎరువేమైనా వేశారాండీ?"

"వేసిందంతా గడ్డికే కదమ్మా. వడ్లు వాటి పాటికి అవే పండినాయి," అన్నాడు రమణయ్య, ముందు రోజు పాఠం బాగా ఒంటబట్టించుకున్నవాడు.

పెంచల్ అనే ఇంకో రైతు, గడ్డికి కాపలా ఉండే కుక్కకు పూటకు అరకిలో బియ్యం రాయించాడు. మూడోవాడు, సమాధానం అనే అతను, ఇంకా పై మెట్టు ఎక్కాడు. గడ్డి దుమ్ముకు తుమ్ములొస్తే మింగిన మాత్రలు, వాటి కోసం నెల్లూరు పోయిన బస్సు చార్జీ, పోయినవాడు అక్కడ తిన్న చేపల పులుసు భోజనం, అన్నీ గడ్డి ఖర్చులోనే కలిపాడు. బిందు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల. చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. చివరికి ట్యాబ్ లెక్క తేల్చింది. టన్ను గడ్డికి నలభై ఒక్క వేలు.

"వడ్లే టన్ను ఇరవై నాలుగు వేలు దాటట్లేదు కదండీ," అంది బిందు. "ఈ లెక్కన మీరు వడ్లు పారేసి గడ్డి దాచుకోవాలి."

"మా ఊరి గడ్డి అట్టాంటిదమ్మా," అన్నాడు చెంచురామయ్య గొప్పగా.

"అయితే కష్టమేనండీ. ఎక్కడ తక్కువ ఖర్చుకు గడ్డి దొరికితే అక్కడే డిపో. అల్లూరు పక్క పద్నాలుగు వందలు వచ్చింది."

 చెంచురామయ్య ముగ్గురి ముఖాలూ చూసి, సర్దుకుని, "పాపా, అదంతా తుడిచెయ్. మావాళ్లు తికమక పడినారు," అన్నాడు.

ఇక చూడాలి మనవాళ్ల నాలుకలు తిరగడం. "ఎరువంతా వడ్లకేనమ్మా. గడ్డి మీద రవ్వంత పడితే చేత్తో ఏరేసినాము," అన్నాడు రమణయ్య. పెంచల్ కుక్క ఉపవాసాలు మొదలుపెట్టింది. సమాధానానికి తుమ్ములు పుట్టుకతోనే ఉన్నాయని తేలింది. ఈసారి ట్యాబ్ సున్నా చూపించింది.

"సున్నా అని పంపిస్తే మా సారు నన్ను ఇంటికి పంపిస్తారు," అంది బిందు. "అసలు సంగతి చెప్పండి. కోత మిషన్ పోయాక గడ్డి పొలంలో ఉంటుంది కదా. అక్కడి నుంచి వామి దాకా ఎట్లా వస్తుంది?"

 నలుగురూ గడ్డిని పొలంలో చూశారు, ఇంటి పక్కన వామిలోనూ చూశారు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ఒక్కడికీ తెలియదు.

బర్రెకు గడ్డి వేస్తున్న చెంచురామయ్య భార్య పిచ్చమ్మ తల తిప్పకుండానే చెప్పింది. "రెండు ఎండలకు తిరగెయ్యాల. పోగుచెయ్యాల. మోపులు కట్టాల. ట్రాక్టరుకెత్తి తెచ్చి వామి వెయ్యాల. తాళ్లకీ ట్రాక్టరుకీ టన్నుకు పన్నెండు వందల యాభై. మనిషికి మూడు రోజుల పని."

"కూలి ఎంత పెద్దమ్మా?"

"బయటి మనిషికైతే నాలుగొందలు. మాకెవురిస్తారు పాపా? ఇంట్లో పనే కదా."

బిందు చెంచురామయ్య వైపు తిరిగింది. "ఇంటివాళ్ల పనికి కూలి లెక్క కట్టడానికి ఇక్కడ ఒక గడి ఉందండీ. కడితే టన్నుకు రెండు వేల నాలుగు వందల యాభై. కట్టకపోతే పన్నెండు వందల యాభై. ఏది రాయమంటారు?"

పన్నెండు వందల యాభై అంటే అల్లూరు ఓడిపోతుంది, డిపో ఆయన చౌడు నేలలోకి వస్తుంది. కట్టొద్దని ఒక్క మాట అంటే చాలు. రమణయ్య పక్కనుంచి మోచేత్తో పొడిచాడు. పిచ్చమ్మ మాత్రం ఆయన వంక చూడనే లేదు, బర్రె మెడ నిమురుతూ నిలబడింది. చూసి ఉంటే బాగుండేదేమో. పెళ్లయిన ఈ ముప్పై ఎనిమిదేళ్లుగా వామి దానంతటదే లేస్తోందనుకున్నందుకు చెంచురామయ్యకు సిగ్గేసింది.

"కట్టమ్మా," అన్నాడు. "నాలుగొందల లెక్కన కట్టు."

డిపో అల్లూరు పక్కకు పోయింది. పెళ్లానికి భయపడి ఊరికి రావాల్సిన డిపో పోగొట్టాడని రమణయ్య నెల రోజులు తిట్టాడు.

తర్వాతి కోత అయింది. మూడు రోజులైనా గడ్డి పొలంలోనే పడి ఉంది. పిచ్చమ్మ కాళ్లు చాపుకుని అరుగు మీద కూర్చుంది.

"ఏమే, గడ్డి వానకు తడిస్తే ఎట్టా?"

"నా కూలి నాలుగొందలని నువ్వే రాయించినావు కదయ్యా. ఇస్తే వస్తా."

అభిమానం అడ్డొచ్చి చెంచురామయ్య తానే పొలానికి పోయాడు. మధ్యాహ్నానికి రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. మూడో రోజుకు నడుము వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. అంత చేసి ఆయన వేసిన వామి సాయంత్రానికి ఒక పక్కకు ఒరిగి, దూడ మీద పడింది. దూడకేమీ కాలేదు, తినుకుంటూ బయటికొచ్చింది.

ఇంట్లోకొచ్చి బిందుకు ఫోన్ చేశాడు. "పాపా, మా గడ్డి లెక్క ఇంకా మీకాడ ఉండాదా?"

"ఉందండీ. డిపో అల్లూరుకు వెళ్లిపోయింది కదా, ఇప్పుడెందుకు?"

"డిపో కోసం కాదమ్మా. కూలి తప్పు రాయించినా. ఎనిమిదొందలు చెయ్."

"వెయ్యి," అంది లోపల్నుంచి పిచ్చమ్మ.

"వెయ్యి చెయ్ పాపా," అన్నాడు చెంచురామయ్య, అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ.