ఆల్టో వరసలో ఖాళీ కుర్చీ

నేను ఒక శృతిదండాన్ని. సైన్సు పుస్తకాల్లో నా పేరు అది; పాడేవాళ్ళు ఫోర్కు అంటారు. అంబాలాలో ఉక్కు కడ్డీని వంచి నన్ను చేశారు, కాడ మీద 320 అని అచ్చుగుద్దారు. కొడితే సెకనుకు అన్నిసార్లే వణుకుతాను. ఇంత నికరంగా ఉండటం మనుషుల వల్ల కాదు.

ముప్పై ఏళ్ళు రాజమండ్రిలో ఒక కాలేజీ ల్యాబులో కుర్రాళ్ళ చేత దెబ్బలు తిన్నాను. ఫిజిక్సు చెప్పే దేవసహాయం మాస్టారు రిటైరైన రోజు శాలువాతో పాటు నన్నూ బహూకరించారు. శాలువా బీరువాలోకి వెళ్ళింది, నేను ఆయన నడిపే చర్చి క్వయరులోకి వెళ్ళాను.

క్వయరు ఒక వింత పిచ్చి. బయట ఒకరి మాట ఒకరు వినని ఇరవైమంది శనివారం నాలుగింటికి చేరి, ఎవరి గొంతు వాళ్ళకే వినపడనంతగా కలిసిపోవాలని తాపత్రయపడతారు. అలా కలిసిన క్షణాన గదిలో ఇంకెవరో పాడుతున్నట్టుంటుంది. వాళ్ళు వచ్చేది దానికోసమే.

నన్ను చెక్కపెట్టె మీద నిలబెట్టి, ఎవరైనా నా స్వరం కచ్చితంగా పాడితే, కొట్టకుండానే మోగుతాను. అది అనునాదం, మాయ కాదు. ఆ ఇరవైమందిలో నన్ను మోగించగలిగింది ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడే సలోమి గారొక్కరే. మాస్టారి భార్య. ఈస్టరుకని ఆయన కట్టిన పాటలో మిగతా గొంతులు ఎటెటో తిరుగుతుంటే ఆల్టో ఒకే స్వరాన్ని, నా స్వరాన్నే, తాళంలో పదహారు లెక్కలు పట్టుకోవాలి. ఆవిడ కోసమే రాశారు. పాట పూర్తయిన వారానికే ఆవిడ జ్వరంతో పోయారు.

మిగతా ఆల్టోలకి పన్నెండో లెక్కకే స్వరం జారిపోయేది. మాస్టారు విసిగిపోయి, "అక్కడ మీరు ఊరుకోండమ్మా" అన్నారు. వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. అప్పుడు నేను మోగాను, పదహారు లెక్కలూ.

నాకు భయమేసింది. నా అంతట నేను మోగలేను. ఎవరో పాడారు. మాస్టారు మాత్రం కళ్ళు మూసుకుని నవ్వారు. ఇక ప్రతి శనివారం అంతే. "పాట మధ్యలో గొయ్యి ఉంది మాస్టారూ, ఇలాగైతే పాత పాటే పాడిద్దాం" అని పాస్టరుగారు చెప్పినా, ఆ స్వరం ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తే ఆవిడ రావడం మానేస్తారని ఆయన బెంగ.

ఈస్టరు వారముందనగా తుని నుంచి బదిలీ అయి వచ్చిన నర్సు నిస్సీ చేరింది. కొత్తవాళ్ళని పాతవాళ్ళ పక్కన కూర్చోబెడతారు, విని అందుకుంటారని. ఆలస్యంగా వచ్చిన ఆ పిల్లకి సలోమి గారి ఖాళీ కుర్చీ పక్కనే చోటు దొరికింది. ఊరుకోవాలని ఎవరూ చెప్పలేదు. కాగితంలో ఉన్నట్టే పాడేసింది, పదహారూ. నేను రెండు గొంతులకి మోగినంతగా మోగాను.

మాస్టారి మొహం పాలిపోయింది. "నీకెవరు నేర్పారమ్మా?"

"ఈ ఆంటీగారేనండీ" అంటూ పక్కకి తిరిగి ఆగిపోయింది. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు."

"ఏమన్నారు?"

"పన్నెండో లెక్క దగ్గర చిన్నగా ఊపిరి తీసుకోమన్నారండీ. మీరు రాయడం మర్చిపోయారట. 'నాకిప్పుడు అక్కర్లేదు గానీ నీకు కావాలి కదమ్మా' అన్నారు."

మాస్టారు పెన్సిలు తీసి ఆ లెక్క మీద ఊపిరి గుర్తుగా చిన్న గీత పెట్టి, కాగితం నిస్సీకి ఇచ్చేశారు.

ఈస్టరునాడు పాట నిండుగా సాగింది. నేను మోగాను, ఒక్క గొంతుకి మోగేటంతే. మాస్టారు నావైపు చూశారు, తాళం వేసే చెయ్యి మాత్రం ఆపలేదు.