శనివారం నూనె

మా మనవరాలు నీరజ బండి కొనుక్కుంటానన్న రోజున ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. స్కూటీ అయితే ఎవరికీ పేచీ లేదు. అది అడిగింది ముందుకి వంగి తోలే బండి, రేసుల్లో తోలేవాళ్ళది. మా అబ్బాయి రమేష్ బాబు కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"ఆడపిల్లవి, దాని మీద బోర్లా పడుకుని బాపట్ల దాకా పోతావా? రేపల్లె అంతా నిలబడి చూడాలా?"

"చూడనీ నాన్నా. టిక్కెట్టేం పెట్టట్లేదుగా," అంది నీరజ.

నాకు నవ్వాగలేదు. నేను నవ్వానంటే ఇంట్లో ఆ పని అయిపోయినట్టే. అప్పటికి దానికి ఇరవై నాలుగేళ్ళు. బాపట్లలో మట్టి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. పొద్దున్నే ఆరింటికి బస్సెక్కి, చెరుకుపల్లిలో ఇంకో బస్సు కోసం నిలబడి నిలబడి, పది దాటాక చేరేది. సొంత జీతం. ఎవర్నీ రూపాయి అడగలేదు.

బండి ఎంచడానికి నేనూ తెనాలి వెళ్ళాను. అక్కడ ఎజ్రా అని మెకానిక్కు ఉండేవాడు. మా చర్చిలో హార్మోనియం వాయించిన బాలస్వామి కొడుకు. వాడికి జ్వరమొచ్చినప్పుడు నేను గంజి కాచి పంపిన రోజులున్నాయి. తెనాలిలో స్టేషను వెనక వీధిలో షెడ్డు పెట్టుకుని, వయసు నలభై దాటేసరికి మంచి పేరు తెచ్చుకున్నాడు. పెద్ద బండ్లు గుంటూరు నుంచి కూడా వాడి దగ్గరికే వచ్చేవి.

నీరజ పోయి పోయి అక్కడున్న ఎర్ర బండి మీద చెయ్యి వేసింది.

"అది నాలుగొందల సీసీ చెల్లెమ్మా. దిగు," అన్నాడు ఎజ్రా.

"ఇంకా ఎక్కలేదన్నా."

"ఎక్కకముందే దిగు. చెయ్యి ఇంత తిప్పితే అది అంత దూకుద్ది. రెండేళ్ళు తోలాక రా, నేనే ఇప్పిస్తాను."

వాడి షరతులు పెళ్ళిచూపుల కంటే ఎక్కువగా ఉన్నాయి. మొదటి బండి ఎట్లాగూ కింద పడుతుంది కాబట్టి కొత్తది కొనకూడదట, వాడినదే కొనాలట. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలట. మునివేళ్ళు మాత్రమే ఆనితే వద్దట. బండి డబ్బులో కొంత ముందే తీసి హెల్మెట్టుకీ, మందపాటి కోటుకీ, చేతి తొడుగులకీ పక్కన పెట్టాలట. మూడు బండ్లు ఎక్కించి దించాడు. నేను వెనక సీటు చూశాను. పీట ముక్కంత ఉంది, అదీ ఎత్తులో.

"దీని మీద నేనెట్టా కూర్చునేది నాయనా?"

"నువ్వు కూర్చోడానికి కాదు పెద్దమ్మా."

"మరెవరికి?"

"ఎవరికీ కాదు. ఊరికే ఉంటది."

చివరికి నీలం రంగు బండి ఒకటి కుదిరింది. రెండొందల సీసీ. పొన్నూరులో ఒక లెక్చరరమ్మ జాగ్రత్తగా తోలి అమ్మింది. నీరజ నెల రోజులు మార్కెట్ యార్డు మైదానంలో గుండ్రంగా తిరిగి నేర్చుకుంది. రెండుసార్లు పడింది, ఆగిన చోటే పడింది. ఎజ్రా చెప్పినట్టే జరిగింది. ఆ తర్వాత రోడ్డెక్కింది. మొదటివారం వీధి చివర అరుగు మీద మగాళ్ళు ఈలలు వేశారు. రెండో వారం వేయలేదు. మూడో వారం వాళ్ళలో ఒకడు "అక్కా, మైలేజీ ఎంతిస్తంది?" అని అడిగాడు.

బండిని ఎట్లా చూసుకోవాలో ఎజ్రా చెబుతుంటే అది కాగితం మీద రాసుకుని వంటింటి తలుపుకి అంటించింది. నాకు వినిపించేట్టు చదివేది. టైర్లలో గాలి వారానికోసారి. ఇంజనాయిలు ఇన్ని కిలోమీటర్లకి. గొలుసు ఐదొందల కిలోమీటర్లకోసారి తుడిచి నూనె పెట్టాలి, బాపట్లది ఉప్పుగాలి గనుక ఇంకా ముందే పెట్టాలి. వేటికి నూనె పెట్టాలో ఆ కాగితంలో ఉంది. వేటికి పెట్టకూడదో ఎవరూ రాయలేదు. అది బండి తోలే ప్రతివాడికీ తెలిసిన సంగతట.

మా ఇంట్లో శనివారం సాయంత్రం నూనె రోజు. మా అత్తగారి కాలం నుంచీ అంతే. ఆదివారం ఇనుము ముట్టుకోం, పని చేయం. అందుకని ముందురోజే పొద్దు వాలక ముందు ఇంట్లో ఇనుము ఎక్కడున్నా నూనె తగలాలి. తలుపు బందులు, మంచం మరలు, బోరింగు పిడి, కత్తెర. నలభై ఏళ్ళు కుట్టుపని చేశాను కదా, మిషను నూనె డబ్బా, మెత్తటి పాత పంచె ముక్క ఎప్పుడూ నా చేతి కిందే ఉండేవి. ఉప్పుగాలికి మా వీధిలో కిటికీ ఊచలు బిస్కెట్లలా విరిగిపోతుంటే, మా ఇంటివి ఈనాటికీ చెక్కు చెదరలేదు. నాకది గొప్పగా ఉండేది. నీరజ బండి వచ్చాక గొలుసు కూడా నా లెక్కలోకి వచ్చింది. స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రం చేత్తో తిప్పుతూ ఎట్లా పెట్టాలో అదే నేర్పింది. "నానమ్మా, నీకు జీతమివ్వాలే," అనేది.

ఆ శనివారం పొద్దున తెనాలి వెళ్ళి సర్వీసింగు చేయించుకొచ్చింది. ముందు బ్రేకుకి కొత్త ప్యాడ్లు వేశాడు ఎజ్రా. నూరు కిలోమీటర్ల దాకా పట్టు తక్కువగా ఉంటది, మెల్లగా పో అని చెప్పాడట. తిరిగొచ్చేటప్పుడు జల్లు పడింది. సాయంత్రం నేను గొలుసు ముగించి ముందుకి వచ్చి చూస్తే, ముందు చక్రానికి పక్కన చిల్లులు చిల్లులుగా ఉండే పళ్ళెం మీద ఎర్రగా తుప్పు ఛాయ కనిపించింది. నీరజ లోపల తల స్నానం చేస్తోంది. ఇంత ఖర్చు పెట్టి చేయించుకొస్తే ఒక్క జల్లుకే తుప్పా అని నా ప్రాణం ఉసూరుమంది. పంచె ముక్క నూనెతో తడిపి ఆ పళ్ళేనికి రెండు వైపులా, చక్రం తిప్పుతూ, శ్రద్ధగా రుద్దాను. అద్దంలా మెరిసింది. చక్రం ఆగాలంటే బ్రేకు ఆ పళ్ళేన్నే పట్టుకోవాలని నాకు తెలియదు.

సోమవారం పొద్దున అది బయలుదేరింది. వీధి మలుపులో బ్రేకు వేస్తే సరిగా పట్టలేదట. కొత్త ప్యాడ్లు కదా, అన్న చెప్పాడు కదా అనుకుందట. నగరం అనే ఊరు దాటాక కాలవ వంపులో వరిగడ్డి ట్రాక్టరు అడ్డం వచ్చింది. ముందు బ్రేకు నొక్కినా పట్టలేదు. వెనక బ్రేకు తొక్కితే బండి పక్కకి జారి ట్రాక్టరు వెనక ట్రక్కు కిందికి పోయింది. హెల్మెట్టు ఉండబట్టి తల దక్కింది. కుడికాలు గుంటూరు ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రిలో మొదటి వారం ఎట్లా గడిచిందో రాయలేను. చూడటానికి వచ్చినవాళ్ళు మంచం పక్కన నిలబడే, "మేమప్పుడే అన్నాం, ఆడపిల్లకి అట్లాంటి బండి ఏంటని," అనేవాళ్ళు. నీరజ గోడ వైపు తిరిగి పడుకునేది.

ఎనిమిదో రోజున రమేష్ పోలీసు స్టేషను నుంచి నేరుగా వార్డుకి వచ్చాడు. నేను ఇడ్లీ తుంచి నీరజ నోట్లో పెడుతున్నాను.

"బ్రేకు ఇనస్పెక్టరు చూశాడమ్మా. ముందు డిస్కుకి నూనె ఉందంట."

"డిస్కంటే ఏంటి?" అన్నాను.

"చక్రం పక్కన గుండ్రంగా పళ్ళెంలా ఉండదూ, అది. నూనె చేతుల్తో ప్యాడ్లు వేశాడా ఎజ్రాగాడు! నా బిడ్డ కాలు తీశాడు. వాణ్ని వదలను."

నా చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉండిపోయింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నేనురా, నేను రాశాను అంటే సరిపోయేది. నీరజ నోరు తెరిచి ముద్ద కోసం చూస్తోంది. ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. ముద్ద పెట్టాను.

మర్నాడు రమేష్ తెనాలి పోయాడు. షెడ్డు ముందు, టీ బంకు దగ్గర అందరూ చూస్తుండగా ఎజ్రాని చెంప మీద కొట్టాడు. కేసు పెట్టాడు. వాడు ఎదురు మాట్లాడలేదట. నెల తిరక్కుండా షెడ్డు సొంతదారు ఖాళీ చేయమన్నాడు. బ్రేకులకి నూనె పూసే మెకానిక్కు దగ్గరికి బండి ఎవరు తెస్తారు? ఈ కబుర్లన్నీ రమేషే చెప్పేవాడు, మొదట కసిగా, తర్వాత తర్వాత కాస్త నసుగుతూ. నేను వింటూ కూర్చునేదాన్ని. వీధిలో అందరూ నన్ను వాగుడుకాయ అంటారు. ఆ మూడు నెలలూ నా నోట అక్కరకు వచ్చిన మాట ఒక్కటీ రాలేదు. శనివారం నూనె మానేశాను. బందులు కిర్రుమంటుంటే ఎవరూ ఎందుకని అడగలేదు.

నెలకి మొదటి ఆదివారం మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం. ఎవరి మీదైనా తప్పు చేసి సరిదిద్దుకోకుండా ఆ బల్ల దగ్గరికి పోకూడదని చిన్నప్పటి నుంచీ మాకు నేర్పారు. ఇద్దరు తోడికోడళ్ళు గుడి మెట్ల మీదే కొట్లాట తీర్చుకుని లోపలికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. మొదటి నెల ఒంట్లో బాగాలేదన్నాను. రెండో నెల గుంటూరులో ఉన్నాను. మూడో నెల నీరజ చంక కర్రలతో మొదటిసారి చర్చికి వచ్చింది. వరస లేచింది. నీరజ లేచింది. నేను లేవలేదు.

"రా నానమ్మా."

"నువ్వెళ్ళమ్మా."

"ఎందుకు?"

అది కదల్లేదు. వెనక వరసవాళ్ళు ఆగిపోయారు. పాస్టరు గారు గిన్నె పట్టుకుని ఇటే చూస్తున్నారు. నీరజ మళ్ళీ కూర్చుంది, నా చెయ్యి పట్టుకుంది. పాట సాగుతుండగా దాని చెవిలో చెప్పాను. శనివారం, తుప్పు, పంచె ముక్క, అంతా.

చెయ్యి తీసేసుకుంది. "ఆసుపత్రిలో ఉండగా ఎజ్రా అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదు నేను," అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక నూనె సంగతి తండ్రికి అదే చెప్పింది. రమేష్ కుర్చీలో కూలబడ్డాడు.

"కేసు వెనక్కి తీసుకుంటాను. అంతటితో వదిలెయ్యండి. ఎనభై ఏళ్ళ మనిషిని తీసుకుపోయి నలుగురిలో నిలబెడతామా?"

"నువ్వు కొట్టిందీ నలుగురిలోనేగా నాన్నా," అంది నీరజ.

సోమవారం పొద్దున పాసింజరు ఎక్కి ముగ్గురం తెనాలి వెళ్ళాం. రైల్లో నా పక్కన చోటున్నా నీరజ ఎదుటి బల్ల మీద కూర్చుంది. ఎజ్రా షెడ్డులో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రోడ్డుకి అవతల బావమరిది పంచర్ల కొట్టు ముందు ఎజ్రా ట్యూబు తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేచాడు. ముందు నీరజ కాలి వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"తప్పు నాదే చెల్లెమ్మా," అన్నాడు మేం నోరు తెరవక ముందే. "చేతులు కడుక్కున్నాననే అనుకున్నాను. గొలుసు పని ముగించి ప్యాడ్లు వేశాను. ఆ మధ్యలో కడుక్కున్నానా లేదా అని మూడు నెలల్నించీ ఆలోచిస్తున్నాను. గుర్తు రావట్లేదు."

"కడుక్కున్నావు నాయనా," అన్నాను. "నూనె రాసింది నేను."

అంతా చెప్పాను. ట్యూబు తొట్టిలోకి జారిపోయింది. వాడు దాన్ని తీయలేదు. రమేష్ చేతులు జోడించాడు. ఎజ్రా అతని వంక చూడలేదు.

"ఎప్పుడు తెలిసింది పెద్దమ్మా నీకు?"

"ఎనిమిదో రోజున."

"అంటే ఆయన వచ్చి నన్ను కొట్టకముందే."

"ముందురోజు."

తల ఊపాడు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, గట్టిగా ఏం కాదు, రోడ్డు దాటించే వాళ్ళలాగే పట్టుకుని, అవతల టీ బంకు ముందుకి తీసుకెళ్ళాడు. టీ తాగుతున్నవాళ్ళు ఐదారుగురు ఉన్నారు. సెల్‌ఫోన్ల కొట్టతనూ, షెడ్డు సొంతదారు బసవేశ్వరరావు గారూ ఉన్నారు.

"ఈవిడేదో చెబుద్దంట, వినండి," అన్నాడు ఎజ్రా.

నా జన్మలో మాట కోసం తడుముకున్నది అప్పుడే. "ఆ బండి బ్రేకు పళ్ళేనికి నూనె రాసింది నేను. ఈ పిల్లాడు కాదు," అన్నాను.

బంకు దగ్గర ఒకడు, "ముసలమ్మ డిస్కుకి నూనె రాసిందంటరా!" అని ఫక్కున నవ్వాడు. పక్కవాడు కూడా నవ్వబోయి, రోడ్డుకి అవతల కర్రల మీద నిలబడ్డ నీరజని చూసి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బసవేశ్వరరావు గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మాకు వీపు తిప్పి ఎవరితోనో మాట్లాడుతున్నారు.

ఎజ్రా ఆయన ఫోను ముగించే దాకా ఆగాడు. నా మోచెయ్యి వదల్లేదు.

"ఇంకోసారి చెప్పు పెద్దమ్మా. ఆయన వినలేదు."

మళ్ళీ చెప్పాను.