పొయ్యికో వంతు

మా మామయ్య దేవానందం అంత నిజాయితీపరుడు చిలకలగూడలో మరొకడు లేడు. మా కొంప ముంచింది ఆ నిజాయితీయే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఆ మాట పుట్టించినవాళ్లకు మా మామయ్య లాంటి మనవాడు ఉండి ఉండడు. పోలీసు యాక్షన్ అయిన కొత్తల్లో, సరుకుల రైళ్లు ఇంకా సరిగా తిరగకముందు, మా చర్చికి సాయంగా బియ్యం, పాలపొడి డబ్బాలు వచ్చాయి. కులమతాలు చూడకుండా పేటంతటికీ పంచమని సంఘపెద్ద అయిన మామయ్యకు అప్పగించారు. ఆయన ప్రార్థన చేసి, ఉపవాసం ఉండి, చివరికి ఒక నియమం పట్టుకొచ్చాడు. వారం వారం పొయ్యికో వంతు. ఎంతమంది ఉన్నారని అడిగితే జనం పోయిన తాతలను కూడా కలిపి చెబుతారట, పొయ్యి అయితే అబద్ధమాడదట. ఒకరి వంతు మరొకరి చేతికి పోకూడదని ఇంకో షరతు కూడా పెట్టాడు. లేకపోతే సరుకంతా బజారుకెక్కుతుందని ఆయన భయం.

మా ఇంట్లో పొయ్యి ఒకటే, సంసారాలు రెండు. రజాకార్ల భయానికి ఊరొదిలి వచ్చిన, వడ్రంగం పనిచేసే వడ్ల బ్రహ్మచారి, అతని కూతురు సుమిత్ర, ఆమె చంటివాడు మా వెనక గదిలో ఉండేవారు. సుమిత్ర మొగుడి జాడ తెలియదు. ఆ బెంగకు ఆమె పాలు ఎండిపోయాయి. మొదట్లో వాళ్లు మా చేతి వంట ముట్టకుండా పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని వండుకున్నారు. వానలకు కట్టెలు కరువైతే మా అత్తమ్మ రోసమ్మే మధ్యేమార్గం చూసింది.

“మా పొయ్యి మీద నీ కూతుర్నే వండమను, అందరం అదే తిందాం,” అంది బ్రహ్మచారితో.

అప్పటినుంచి మేమంతా సుమిత్ర చేతి వంటే తిన్నాం. వంట తప్పినందుకు నేనైతే ఏడవలేదు.

ఇప్పుడా కలిసి తిన్న పుణ్యానికి రెండు సంసారాలకు ఒకటే డబ్బా వచ్చింది. అందులోనే నా కవలలు, సుమిత్ర చంటివాడు తాగాలి. పక్కింట్లో ఒంటరిగా ఉండే ఆర్థర్‌గారికీ ఒక డబ్బా. ఆయన టీలో కలుపుకునేవాడు. అడగడానికి వెళితే, “ఇవ్వకూడదన్నది మీ మామగారే కదమ్మా ఆలిస్,” అని మర్యాదగా తలుపు వేశాడు. ఇది పంచడమా, తగలెయ్యడమా?

బ్రహ్మచారి ఆలోచించి మామయ్య దగ్గరికి వచ్చాడు.

“పొయ్యి లెక్కనైతే నేను సుత ఒక పొయ్యి పెట్టుకుంట సారూ. చంటోనికి ఒక డబ్బా దక్కుతది.”

“నిజంగా వేరు పడాలి బ్రహ్మచారీ. చూపుకి పొయ్యి పెట్టి ఇక్కడ తింటే నేను దేవుడికి జవాబు చెప్పుకోవాలి.”

“నిజంగనే పడతం సారూ.”

మళ్లీ మూడు రాళ్లు వచ్చాయి. మా అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఆ తెలివి బ్రహ్మచారి ఒక్కడిదే అయితే బాగుండేది. తర్వాతి పంపకానికి పేటలో ప్రతి పెరట్లోనూ కొత్త పొగ లేచింది. అన్నదమ్ములు వేరుపడ్డారు, అత్తాకోడళ్లు వేరుపడ్డారు. డబ్బాలు మాత్రం పెరగలేదు. మామయ్య డబ్బాలు తెరిపించి పొయ్యికో పొట్లం కట్టించాడు. సుమిత్రకు దక్కిన పొట్లం మాతో కలిసి ఉన్నప్పుడు చంటివాడు తాగిన పాటి కూడా లేదు.

నీళ్లు ఎక్కువ కలిపి పట్టేసరికి వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఏడుపు సన్నబడింది. అత్తమ్మ మా పొట్లం పట్టుకెళితే బ్రహ్మచారి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“వద్దమ్మా. పక్కింటి పొట్లం తీసుకున్నడని నిన్ననే మన పేట నోవహు పొయ్యి లెక్కల నుంచి కొట్టేసిండ్రు. మాది సుత పోతే ఉన్నది సుత పోతది.”

దొంగచాటుగా ఇద్దామంటే ఆర్థర్‌గారి కిటికీ సరిగ్గా వెనక గదికి ఎదురు.

“మీరొచ్చి బ్రహ్మచారితో తీసుకోమని చెప్పండి,” అంది అత్తమ్మ మామయ్యతో.

“నోవహుకీ చిన్నపిల్లలే రోసమ్మా. అతని వంతు తీసేసి, ఏ ముఖంతో నా ఇంట్లో సడలించను?”

అలా అని కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. ఆ ఏడుపుతో ఒక్క చెంచాడు పాలు కలవవు కదా అనిపించింది. అలాగని నేను మాత్రం ఏం చేయగలిగాను? పొట్లం గూట్లోనే ఉంది. దాన్ని చూస్తూ నా పిల్లలకు పాలు పట్టలేకపోయాను.

ఆ ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి చంటివాడు పోయాడు.

చావింట ఆ పూట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తేవాలి. మా అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ వండింది. గిన్నె మామయ్యే పట్టుకెళ్లి బ్రహ్మచారి ముందు పెట్టాడు. మా చేతి వంట అతను అంతవరకు ముట్టింది లేదు. సుమిత్ర గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

బ్రహ్మచారి చేతులు కడుక్కుని గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

“ఇయ్యాల తినొచ్చు సారూ,” అన్నాడు. “ఇయ్యాల మాకు పొయ్యి లేదు.”