చెవిలో దూది

పొద్దున్నే మందునీళ్ళ ట్రేలో కాళ్ళు ముంచి షెడ్డులోకి వెళ్ళడం, చేతికందిన కోడిపిల్లను ఎత్తి దాని పొట్టకు చెవి ఆనించడం కోళ్ళాయన భార్యకు అలవాటు. పొట్టలో మంచి క్రిములుంటే సంతలో ఉన్నంత గోల వినిపిస్తుంది. చెడ్డవి చేరితే గుసగుసలు. అవి ఒకసారి తిష్ట వేశాయంటే ఒక పట్టాన ఖాళీ చెయ్యవు. పిల్లకు మాత్రం ఏ జబ్బూ కనపడదు. శుభ్రంగా తింటుంది, బలుస్తుంది. దాన్ని తిన్నవాళ్ళే మంచాన పడతారు. అందుకే వ్యాపారి కూడా కాటా కంటే ముందు ఆమె చెవినే నమ్ముతాడు.

ఈసారి పాత కోళ్ళు అమ్ముడవగానే కొత్త పిల్లలు దిగాయి. అవి దిగకముందే కింద పొట్టు మార్చారు, గోడలకు సున్నం కొట్టారు. తాగే నీళ్ళ పైపులో మాత్రం మందు నింపి, రాత్రంతా నానబెట్టి, లోపల క్రిములు దాక్కునే జిగురు వదిలేదాకా కడగాలి. కోళ్ళాయన బద్ధకించి, ఒట్టి నీళ్ళు వదిలి చేతులు దులుపుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆమె చెవిన గుసగుసలు పడ్డాయి.

"ఏమండీ, పైపు మందు పెట్టి కడిగారా?"

"కడిగానన్నానుగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆయన మాట నమ్మితే తన చెవిని నమ్మడానికి లేదు. ఆమె ఆయన్నే నమ్మింది. "నా చెవికే ఏదో అయినట్టుంది," అని దూది పెట్టుకుంది.

ఆ దూది కనపడినప్పుడల్లా కోళ్ళాయన చూపు తిప్పుకునేవాడు. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. కోళ్ళేమో నిగనిగలాడుతున్నాయి. ఇంకేం కాదులే అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. పోనీ సిగ్గులేని మనిషా అంటే కాదు, అదే ఆయన అవస్థ.

లారీ వచ్చింది.

"విన్నావా అక్కా?" అన్నాడు వ్యాపారి.

"నా చెవి పనిచెయ్యట్లేదు తమ్ముడూ."

"అయితే నువ్వు విను బావా."

కోళ్ళాయన ఉత్తుత్తినే ఒక కోడిని ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. వినపడింది. "పైపులో ఉన్నప్పుడే మనల్ని ఎవరూ కదపలేదు, ఇక్కడెవడు కదుపుతాడు?" అని లోపల క్రిములు నవ్వుకుంటున్నాయి. ఆయన కోడిని కిందికి దించేశాడు.

"లారీ వెనక్కి తిప్పు," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "పైపు కడగలేదే. ఊరికే నీళ్ళొదిలాను."

"నీళ్ళొదిలింది పైపుకా, నా నమ్మకానికా?" అని ఆమె దూది తీసి పారేసింది. "కోళ్ళు పోతే పోయాయి. ఇన్నాళ్ళూ నాకే పిచ్చెక్కిందనుకున్నానండీ." అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ కోళ్ళు ఎవరి పళ్ళెంలోకీ వెళ్ళలేదు. ఆమెకు మళ్ళీ ఏ కోడి పొట్టలోనూ ఏమీ వినపడలేదు. ఇప్పుడు చుట్టుపక్కల షెడ్లవాళ్ళు కోళ్ళను ఆయన దగ్గరికే తెస్తారు. ఆయన విని, ఉన్నదున్నట్టు చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ఆమె పక్కనే నిలబడి, నెమ్మదిగా, "నిజమేనా?" అని అడుగుతుంది.