కుంచె వెంట్రుక

వెంట్రుకే అది, చెత్త ఎలా అవుతుంది? చెత్తయితే పైపైన అంటుకుని ఉండాలి. ఇది రంగులోకి దిగి, రంగుతో పాటే ఎండిపోయింది. కళ్లజోళ్ల దుకాణంలో తెర వెనక కూర్చుని, సానచక్రం మీద అద్దం అంచు అరగదీస్తూ, అద్దాలాయన మనసులో మళ్లీ ఆ పాత వాదమే నడుపుతున్నాడు. చక్రం మీదికి నీళ్లు సన్నగా కారుతున్నాయి. తెల్లటి బురద వేళ్ల సందుల్లో పేరుకుంటోంది.

తెర అవతల ఎవరో ముసలామె కొత్త కళ్లజోడు పెట్టుకుంది. "నా అరచేతిలో ఇన్ని గీతలున్నాయా" అంది. అతను చక్రం మీద నుంచి తల ఎత్తలేదు కానీ, వెన్ను మాత్రం కొంచెం నిటారైంది.

అతను కూడబెట్టినవన్నీ పాత పార్కుల ఫొటోలు. తడిసిన కాలిబాట, మంచులో బెంచీ, గొడుగు పట్టుకుని చెట్లలోకి కరిగిపోయే మనిషి. ఆ కాలపు ఫొటోగ్రాఫర్లలో కొందరికి కెమెరా చూసింది చాలేది కాదు. కాగితం మీద కుంచెతో రంగు అద్ది, మసక చేసి, చిత్రపటంలా దిద్దేవారు. భార్య వాటికి పొగబొమ్మలని పేరు పెట్టింది. "పొద్దంతా ఊరందరికీ చూపు తెప్పిస్తారు, ఇంటికొచ్చి పొగలోకి చూస్తారు" అంటుంది.

వాటన్నిటిలోకీ రాణి, ఈ చెరువు బొమ్మ. మంచు కప్పిన పార్కు చెరువు, గట్టు మీద ఆకులు ఊడ్చే మనిషి. నీళ్ల మీద, కంటికి ఆననంత సన్నగా, రంగులో చిక్కుకున్న కుంచె వెంట్రుక. భూతద్దంలో దాన్ని చూసిన ప్రతిసారీ దిద్దిన ఆ చేయి ఇప్పుడే పక్కకు జరిగినట్టుంటుంది అతనికి.

భార్య అన్నయ్య, దర్జీ బావ, ఆ వెంట్రుకని చెత్తంటాడు. పాతసామాన్ల కొట్టులో ఒకే చేతి బొమ్మలు రెండు దొరికాయి వాళ్లకి. పెద్దవాణ్నని ముందు కోరుకునే హక్కు బావ తీసుకున్నాడు. పెద్దదిగా ఉందని కాలిబాట బొమ్మ పట్టుకుపోయాడు. ఎదుటివాడి కాలరు మీద పోగు కనిపిస్తే, తెలియనివాడైనా సరే, తీసి పారేసే చేతులవి. తన బొమ్మలోనూ అలాంటి వెంట్రుకే ఉంటే సూదిమొనతో లాగేశాడు. వెంట్రుకతో రంగు లేచి, బాట మీద తెల్లటి మచ్చ మిగిలింది. "అక్కడ ఎండ పడింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. తన ఇంట్లో ఆ బొమ్మ పక్కనే గోడకి మేకు కొట్టి, "ఇది నీ చెరువుకి. ఎప్పటికైనా ఓడిపోయి తెస్తావు" అన్నాడు. చెరువు బొమ్మ మాత్రం గడప దాటలేదు.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది.

"అన్నయ్య అన్నం నీళ్లు ఏమీ ముట్టట్లేదట. మీ చెరువు బొమ్మ తెమ్మంటున్నాడు."

"చూడాలంటే ఇంటికి రమ్మన్నానుగా ఎప్పుడూ."

"ఇప్పుడు రాగలడా?"

అతను చక్రం ఆపి చేతులు కడుక్కున్నాడు.

బస్సులో ఎవరో సీటిచ్చినా కూర్చోలేదు, ఎవరి మోకాలైనా బొమ్మకు తగులుతుందని. దానికి చట్రమే గాని అద్దం లేదు. అద్దం మెరుపు ఆ మంచును చంపేస్తుందని అతనే పెట్టనివ్వలేదు.

బావ మంచం మీద సగం కుట్టిన బట్టలా పరచుకుని ఉన్నాడు.

"గడప ఎలా దాటనిచ్చావురా బావా?"

"నువ్వు పిలిస్తే రాదా."

"అంటే నా కోసం నువ్వు రావు, అదే వస్తుందన్నమాట."

గుడ్డ విప్పి బొమ్మను అతని ఒడిలో పెట్టాడు. బావ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అతని బొటనవేలూ చూపుడువేలూ, కాలరు మీద పోగు కోసం వెళ్లినట్టే, వెంట్రుక మీదికి వెళ్లాయి. బొమ్మను లాక్కోవాలని అద్దాలాయన చెయ్యి లేచింది. లాక్కోలేదు.

గింజంత దూరంలో వేళ్లు ఆగాయి. మెల్లగా ముడుచుకున్నాయి.

"ఉండనీ బావా. పాపం, దీన్ని దిద్దినవాడు ఎంత తొందరలో ఉన్నాడో. వెలుగు పోతోందేమో."

గోడ మీది తన బొమ్మ వైపు చూసి, "నాది ఎండ కాదు" అన్నాడు.

"ఎండే. నాకెప్పుడూ అలాగే కనిపించింది."

"నీకు అబద్ధాలు కుదరవురా. నువ్వు అద్దాలే అరగదియ్యి" అని, దగ్గు రాకుండా జాగ్రత్తగా నవ్వాడు. బొమ్మను ఎదురుగా కుర్చీలో నిలబెట్టించుకుని అటు తిరిగి పడుకున్నాడు.

బావ భార్య, అక్కయ్య, టీ తెచ్చింది. బావ గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. లేపబోయి, లేపకుండానే, అతని వేళ్లలోంచి భూతద్దం తీసి దిండు పక్కన పెట్టింది.

సాయంత్రానికి ఆఖరిచూపుకి వచ్చినవాళ్లతో గది నిండిపోయింది. అన్నయ్య కాళ్ల దగ్గర కూర్చున్న భార్య కళ్లు తుడుచుకుంటూనే, "బొమ్మ తీసుకెళ్లిపోండి. తడి చేతులతో ఎవరైనా ముట్టుకుంటారు" అంది.

అతను బొమ్మను ఎత్తి, గుడ్డ సగం చుట్టాడు. ఊళ్లో ఎవరికీ లేని బొమ్మ. ఒక్క మనిషే దానితో ఇన్నేళ్లు పోట్లాడాడు, ఆ ఒక్కడికే దాని విలువ తెలుసు. గోడ మీద, తెల్ల మచ్చ బొమ్మ పక్కన మేకు ఖాళీగా ఉంది. ఎప్పటికప్పుడు తుడిచినట్టుంది, తుప్పు లేదు.

గుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. బొమ్మను ఆ మేకుకి తగిలించి, వంకర లేకుండా సరిచేశాడు.

బాట మీద ఎండ, పక్కనే మంచు. మంచులో, ఎవరూ తియ్యని వెంట్రుక.